మ్యాపులో ఉంచిన పేరు

మా హైస్కూల్లో లెక్కలు చెప్పేది నేనే. స్లైడు అన్నాక అక్షరాలు గిర్రున తిరుగుతూ రావాలి, లేకపోతే చూసేవాళ్లకు నిద్రొస్తుందని నా గట్టి నమ్మకం. సైన్సు చెప్పే హెలెన్ టీచర్ మాత్రం నేను పిల్లలకు చేసిపెట్టిన ఆ హంగులన్నీ ఒక్క సాయంత్రంలో పీకేశారు. నాకు ఒళ్లు మండింది.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్లోని నూతుల నీళ్లు మీటరుతో పరీక్షించి, ఏది ఎంత ఉప్పెక్కిందో ఎక్సెల్‌లో వేశారు. ఫోనుతో ప్రతి నూతి దగ్గరా నిలబడి మ్యాపులో చుక్క పెట్టారు. బాగా ఉప్పెక్కినవన్నీ రొయ్యల చెరువుల పక్కనే తేలాయి. అదంతా పేరెంట్స్ మీటింగులో చూపించాలి. చెప్పాల్సింది ఆ క్లాసులోని హారతి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా వైపు రొయ్యల చెరువుకు వేరే పేరుండదు. ఎవరిదైతే వాళ్ల పేరే. పిల్లలు అలవాటుకొద్దీ ఆ పేర్లే మ్యాపులో రాసేశారు. రిహార్సల్లో డిజిటల్ ప్యానెల్ మీద చూస్తే పోలీస్ స్టేషన్లో అంటించిన దొంగల ఫొటోల్లా ఉన్నాయి. అందులో హారతి నాన్న వెంకన్న గారి చెరువు కూడా ఉంది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

మనకెందుకొచ్చిన గొడవ, మానేద్దామన్నాను. హెలెన్ టీచర్ ఒప్పుకోలేదు. "అంకెలు మనవి, మార్చొద్దు. పేర్లు వాళ్లవి, అడక్కుండా వెయ్యొద్దు" అని పిల్లలకు చెప్పి, మౌసు హారతి చేతికిచ్చి పక్కకు జరిగారు. నేనైతే లాక్కుని నేనే చేసేసేవాణ్ణి. ఆవిడ ఓపిక చూస్తే ముచ్చటేసింది.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. వెంకన్న గారు వెనక బెంచీలో కూర్చున్నారు. హారతి మ్యాపు తెరిచింది. చెరువులన్నీ పేర్లు లేని నీలం గడులు. ఒక్కదాని మీద మాత్రం పేరుంది. వెంకన్న గారి చెరువు.

నేను వెంటనే హెలెన్ టీచర్ వైపు చూశాను. ఆవిడకూ ఈ సంగతి తెలియదు.

"మిగతావాళ్లని అడగలేదండి, అందుకే తీసేశాం," అంది హారతి. "ఇది మాది. మాది దాచేసి మీవి చూపిస్తే బాగోదనిపించిందండి."

తరవాత ఏ నూతిలో ఉప్పు ఎంతుందో, ఒక్కటీ వదలకుండా చెప్పింది.

వెంకన్న గారు లేచారు. నలుగురిలో కూతుర్ని తిడతారేమోనని నేను అడ్డం వెళ్లబోయాను. ఆయన నన్ను దాటుకుని ప్యానెల్ దగ్గరకొచ్చి, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"దీని పక్కది కూడా మనమే లీజుకు చేస్తున్నాం కదమ్మా," అన్నారు. "దానికీ నా పేరు రాయి."

హారతి తెర మీద ఒక్కో అక్షరమే నొక్కుతోంది. హెలెన్ టీచర్ కళ్లు తుడుచుకున్నారు. ఆ అక్షరాలేవీ గిర్రున తిరగలేదు. హాల్లో ఒక్కరికీ నిద్ర రాలేదు.