మగపెళ్ళివారి ఈరమ్మ

హీరాకి వచ్చిన తెలుగంతా రాఘవమ్మ నోటినుంచి వచ్చిందే. కాఠియావాడ్‌లో పుట్టి, పత్తి కొనుగోళ్ళు చేసే మాణెక్‌లాల్‌ని పెళ్ళాడి, గుంటూరులో రాఘవమ్మ ఇంటి వెనక వాటాలో కాపురం పెట్టి అప్పటికి ఏడాది కాలేదు. రాఘవమ్మేమో పాలవాణ్ణీ, తమ్ముణ్ణీ, వంటింట్లో దూరే పిల్లినీ ఒక్క గొంతుతోనే పిలిచే మనిషి. అంచేత హీరా తెలుగులో "అండీ" అన్నది లేదు. "ఏరా", "ఇట్రా", "నీ మొహం", "ఉప్పు తక్కువ" మాత్రం దండిగా ఉన్నాయి. హీరా అనే పేరు నోరు తిరక్క రాఘవమ్మ ఆ పిల్లని ఈరమ్మ అనేది.

హీరా వాళ్ళు జైనులు. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. భూమిలో ఊరే దుంపలు తినరు. పొద్దు గూకాక మంచినీళ్ళు కూడా తాగరు. "వెల్లుల్లి లేని ఆవకాయ ఎందుకే, నీ మొహం!" అని మొదట్లో రాఘవమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ వేసవిలో మాత్రం ఎవరూ అడక్కుండానే వెల్లుల్లి లేకుండా ఒక చిన్న జాడీ కలిపి హీరా గడపలో పెట్టి వెళ్ళింది.

వైశాఖంలో రాఘవమ్మ కూతురు సామ్రాజ్యం పెళ్ళి, తుళ్లూరు అవతల వాళ్ళ సొంతూళ్ళో. మాణెక్‌లాల్ పనిమీద మద్రాసు వెళ్ళాడు. హీరాని ఒంటరిగా వదలనని రాఘవమ్మ బండెక్కించి తీసుకొచ్చింది.

పెళ్ళిరోజు పొద్దున హీరా పుట్టింటి అలవాటుగా వ్రతం పట్టింది. రోజంతటికీ ఒక్కటే భోజనం. అదీ ఒక్కసారి కూర్చుని. కూర్చున్న చోటునుంచి లేచిందంటే భోజనం అయిపోయినట్టే, ఇక మర్నాడే.

"మధ్యాహ్నానికల్లా మగపెళ్ళివారొస్తారు. వాళ్ళ బంతి కాగానే నీకు వడ్డిస్తా" అంది రాఘవమ్మ. హీరా కోసం విడిగా పప్పు, పులిహోర, ఉల్లిపాయ లేని గారెలు తనే వండింది.

మధ్యాహ్నం అయింది. మగపెళ్ళివారు రాలేదు. మంగళగిరి దగ్గర బస్సు టైరు పేలిందని సైకిల్ మీద కబురొచ్చింది. ఎండ పందిరి మీదనుంచి జారి పడమటికి తిరిగింది. హీరా మాత్రం పెళ్ళికూతురి జడకి పూలు కుడుతూ, తన భాషలో ఏదో పాట కూనిరాగం తీస్తూ, ఆకలి సంగతే మర్చిపోయినట్టుంది. రాఘవమ్మకే కాళ్ళు నిలవలేదు.

"అత్తయ్యా, ఆ పిల్ల పొద్దు గూకితే తినదు. విస్తరి వేసేస్తా" అంది.

ఆవిడ అత్తగారు సుబ్బరావమ్మ చూరు కింద మంచం దిగలేదు. "మగపెళ్ళివారికంటే ముందు మనింట్లో విస్తరి లేచిందంటే, ఆ దెప్పు నా మనవరాలు బతుకంతా పడాలి. వీల్లేదు."

పక్కనున్న చుట్టం ఒకావిడ హీరా గడ్డం పట్టుకుంది. "ఈ ఒక్క పూటకీ దీపాలు పెట్టాకే తినమ్మా. మీ వాళ్ళెవరూ లేరుగా, ఎవరు చూస్తారు?"

హీరా తెలుగు మాటలు వెతుక్కుంది. "నేను చూస్తాను" అంది.

రెండు అరటిపళ్ళు తిని ఆ పూటకి కానిస్తానంది హీరా. "నా కూతురి పెళ్ళికొచ్చి అరటిపండు తిని పడుకుంటావా!" అని రాఘవమ్మ కళ్ళు తుడుచుకుంటుండగా, చెరువుగట్టు మీద బ్యాండు మోగింది.

రోడ్డు మీద బస్సు దిగి ఎద్దుబళ్ళెక్కిన మగపెళ్ళివారు వరసగా వచ్చి ఆగారు. ముందు బండిలోంచి పెళ్ళికొడుకు తండ్రి యలమందయ్య దిగాడు. ఆరడుగుల మనిషి, బుర్రమీసాలు. ఆయన దిగితే బండి పైకి లేచింది. పానకాల బిందెలు ఎదురొచ్చాయి. ఇక వీళ్ళు విడిది చేరి, స్నానాలు చేసి, బంతికి కూర్చునేసరికి చీకటే.

హీరా జనాన్ని తోసుకుంటూ తిన్నగా ఆయన ముందుకెళ్ళి, చేతులు జోడించి, తనకి వచ్చిన తెలుగంతా పోగుచేసి, ఎంతో మర్యాదగా అంది: "ఏరా, ఇంత ఆలస్యమా? తొందరగా కూర్చో. నాకు ఆకలి!"

బ్యాండు ఆగిపోయింది. రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరీ పిల్ల?" అన్నాడు యలమందయ్య.

రాఘవమ్మ సంగతంతా చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన మీసాలు కదిలాయి. పందిరి అదిరేలా నవ్వాడు. "మా అమ్మ పోయాక నన్ను ఏరా అన్నవాళ్ళు లేరమ్మా! ఏమిటీ, ఆడపెళ్ళివారు మాకంటే ముందు తినకూడదు. అంతేగదా? అయితే ఈ పిల్ల మాది. మా పెద్దమ్మాయి. స్నానాలు తరవాత, కాళ్ళు కడుక్కుని కూర్చోండర్రా! విస్తళ్ళు వెయ్యండి!"

క్షణంలో హీరా మగపెళ్ళివారి ఆడపడుచైపోయింది. పెళ్ళికొడుకు చెల్లెళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టారు. రాఘవమ్మ వడ్డించింది. "ఉత్తరాది వదినకు ఉల్లిపాయంటే భయమట" అని ఆడపెళ్ళివారు అప్పటికప్పుడు కట్టి పాట అందుకున్నారు. హీరాకి సగమే అర్థమైంది. ఆ సగానికే పొలమారేంత నవ్వొచ్చింది.

పప్పన్నం సగంలో ఉండగా గాలిదుమారం లేచింది. పడమటినుంచి ఎర్రటి దుమ్ము, వెనకే పెద్ద పెద్ద చినుకులు. పందిరి తాటాకులు రెండు ఎగిరిపోయాయి. బంతిలో ఉన్నవాళ్ళంతా ఎంగిలిచేతులతో వసారాలోకి పరిగెత్తారు.

హీరా లేవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో విస్తరి మీదకి వంగి కూర్చుంది.

"లెయ్యవే ఈరమ్మా!"

"లేస్తే అయిపోయింది!" అని అరిచింది హీరా.

అప్పుడు యలమందయ్య వసారాలోని జంపఖానా లాగి, "పట్టండ్రా!" అంటూ వానలోకి దిగాడు. ఆయనో మూల, ఆయన తమ్ముడో మూల, పెళ్ళికూతురి మేనమామలు మిగతా రెండు. హీరా నెత్తిన గొడుగులా పట్టారు. కింద రాఘవమ్మ వంగి గారెలు వడ్డించింది.

"ఇంతకీ పొద్దుందా, గూకిందా?" అన్నారెవరో. మబ్బులో తెలియడం లేదు. హీరా చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది.

అందరూ అటూ ఇటూ చూస్తుండగా మంచం చప్పుడైంది. పొద్దుటినుంచి కదలని సుబ్బరావమ్మ, నెత్తిన చేట బోర్లించుకుని, వాకిలి దాటి, మిరపకాయల కళ్ళం దిబ్బ ఎక్కేసింది. అక్కణ్ణుంచి పడమటి మబ్బు అంచు చూసి కేకేసింది. "ఉంది! జానెడుంది! తినవే పిల్లా!"

హీరా గారె కొరికింది.

"బెత్తెడు!" అని కేక.

పులిహోర అయింది. లడ్డూ అయింది. పెళ్ళివారంతా గోడకి ఆనుకుని చూస్తున్నారు. "నమలవే, మింగకు!" అని కొందరు, "మింగవే, నమలకు!" అని కొందరు.

"వేలెడు!"

హీరా కాచిన నీళ్ళు గడగడా తాగి, గ్లాసు బోర్లించి, దణ్ణం పెట్టుకుని లేచింది. "మునిగింది!" అని దిబ్బమీదనుంచి అరుపు. పిల్లలు గంతులేశారు. బ్యాండువాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

జంపఖానా దించి, తడిసిన మీసాలు పిండుకుంటూ యలమందయ్య అడిగాడు. "మగపెళ్ళివారి పిల్లవి. ఏదో ఒక లోటు చెప్పాలి. లేకపోతే మాకు పరువు తక్కువ. ఏం లోటు జరిగిందమ్మా?"

హీరా బాగా ఆలోచించింది. "ఉప్పు తక్కువ" అంది.

నవ్వులకి వాన చప్పుడు వినిపించలేదు. "నీ మొహం!" అంది రాఘవమ్మ, ఆ పిల్లని గుండెకి హత్తుకుని.

వాన వెలిశాక వసారాలో దీపాలు వెలిగించారు. పెళ్ళికొడుకు చెల్లెళ్ళు తమ కొత్త అక్కని పాట పాడమన్నారు. హీరా వాళ్ళని గుండ్రంగా నిలబెట్టి, తన ఊళ్ళోలా చప్పట్లు కొడుతూ తిరగడం నేర్పింది. ఒక చప్పట ముందుకి, ఒకటి పక్కకి, గిర్రున ఒక చుట్టు. రాఘవమ్మ చేరింది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఎవరెవరో తెలియకుండా కలిసిపోయారు. ఆఖరికి చేట అవతల పెట్టి సుబ్బరావమ్మ కూడా దిగింది. అందరూ కుడికి తిరుగుతుంటే ఆవిడ ఎడమకి తిరిగి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ గుద్దుకుంటూ, "మీరంతా తప్పు తిరుగుతున్నారే!" అని తిట్టింది.