మొహమాటం తెలియని మూకుడు

పొద్దున్నే బస్సు డిపో గేటు తెరిచే వేళకి ఎదురుగా ఉన్న హోటల్లో ఉల్లిపాయలు వేగుతూ ఉండాలి. అలా అని ఎవరూ రూలు పెట్టలేదు. ఆ వాసన ముక్కుకి తగలనిదే డ్రైవర్లు స్టీరింగ్ దగ్గరికి కదలరు, అంతే. బస్సు ఆలస్యమైతే డిపో మేనేజరు కూడా ముందు హోటల్ వైపు చూసి, తర్వాత డ్రైవర్ని కేకలేసేవాడు.

పేరుకి హోటల్ గానీ పెద్దదేం కాదు. నాలుగు బల్లలు, అటూ ఇటూ బెంచీలు, ఒక పొయ్యి, పొయ్యి మీద ఒకే ఒక్క మూకుడు. పోత ఇనుముది, పొడుగాటి పిడి ఉన్నది, ఏడాది పిల్లాడంత బరువుది. పొద్దున దాంట్లో ఉల్లిపాయలూ తురిమిన బంగాళాదుంపలూ కలిపి మందపాటి దుంప అట్టు. మధ్యాహ్నం మాంసం ముక్కలు ఎర్రగా వేయించి, చిక్కుడు గింజలు పోసి దగ్గరగా ఉడికించిన కూర. సాయంత్రం వెన్నలో చక్కెర కరిగించి, ఆపిల్ ముక్కలు పరిచి, పైన పిండి కప్పి, మూతపెట్టి మగ్గించిన తీపి రొట్టె. ఇవన్నీ చేసే ఆవిడని అందరూ హోటలమ్మ అనేవారు.

ఆ మూకుడికి ఒక గుణం ఉంది. పిడి పట్టుకున్న మనిషి నిజం మాట్లాడినంతసేపూ దాంట్లో ఏదీ అంటుకోదు. అబద్ధమాడితే అడుగంటుతుంది. ఇందులో వింతేముందని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు. కొందరిళ్లలో తలుపు వానాకాలం బిగుసుకుంటుంది, కొందరి గోడ గడియారం తొందరపడుతుంది, ఈ మూకుడు అబద్ధానికి అంటుకుంటుంది. ఒకసారి బస్సుకి సొట్ట ఎవరు పెట్టారని ఇద్దరు డ్రైవర్లు తగువు పడితే, మేనేజరు ఇద్దరినీ తీసుకొచ్చి చెరో గుడ్డు వేయించమన్నాడు. మొదటివాడి గుడ్డు జారి పళ్లెంలో పడింది. రెండోవాడు మూకుడు గీకుతూ తలొంచుకుని, మలుపు సరిగ్గా చూసుకోలేదండీ అన్నాడు.

నిజానికి పెద్ద అబద్ధాలతో ఆ మూకుడికి వచ్చిన ఇబ్బంది ఎప్పుడూ లేదు. అలాంటివి ఆడేవాళ్లు వంటింటి వైపు రారు. పేచీ అంతా చిన్నవాటితోనే. "అబ్బే, నాకు ఆకలిగా లేదు." "మీరొస్తే మాకు ఇబ్బందేముంది." "పర్లేదండీ, ఎప్పుడైనా ఇవ్వచ్చు." మనం వీటిని అబద్ధాలనుకోం, మొహమాటం అంటాం. మూకుడికి ఆ తేడా తెలియదు. అందుకే హోటలమ్మ వంట చేసేటప్పుడు పెదవి విప్పేది కాదు. ఎవరైనా "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తే పిడి వదిలేసి, చెయ్యి మసిగుడ్డకి తుడుచుకుని, "బాగున్నాను నాయనా" అని, మళ్లీ పిడి పట్టుకునేది. కొత్తవాళ్లు ఆవిడకి పొగరనుకునేవారు.

ఆవిడకి ఒక కూతురు, ఒక కొడుకు. భర్త పోయి చాలా కాలమైంది. భర్త తమ్ముడు, పిల్లలకి బాబాయి, హోటల్లోనే ఒక మూల పీట వేసుకుని దుంపల తొక్క తీస్తుంటాడు. తీసేదానికన్నా మాట్లాడేది ఎక్కువ. కూతురు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం చేస్తుంది. కొడుకు కుర్చీలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆ ఏడు హోటలమ్మ కుడిచేతి మణికట్టు వాచింది. ఇక బరువెత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ ఎడమచేత్తో కొన్నాళ్లు నెట్టుకొచ్చింది గానీ, ఒకరోజు తీపి రొట్టె పళ్లెంలోకి తిరగేయబోయి నేలపాలు చేసింది. ఇక మూకుడు ఎవరికో ఒకరికి ఇచ్చేయక తప్పలేదు. ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే. తీసుకున్నవాళ్లకి ఓపిక ఉన్నంతకాలం ఆ పొయ్యి వాళ్లదే, ఇంకొకరు అడగడానికి లేదు.

ఇవ్వడానికో పద్ధతి ఉంది. తీసుకునేవాళ్లు అందరి ముందూ ఒక కారం వంటకం, ఒక తీపి వంటకం చేయాలి. కారానిది పొయ్యి మీద ఉండగా, ఇచ్చేవాళ్లు ఒక్కటే ప్రశ్న అడుగుతారు: ఇది నీకు కావాలా? హోటలమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు వాళ్లత్తగారు అలాగే అడిగితే, "కావాలి గానీ భయంగా ఉంది అత్తయ్యా" అంది. అట్టు చక్కగా జారి పళ్లెంలోకి వచ్చింది.

ఇప్పుడు కొడుక్కి ఇవ్వాలని ఎవరు అన్నారంటే, ఎవరూ అనలేదు. పని లేని పిల్లాణ్ణి పక్కనపెడితే చిన్నబుచ్చుకుంటాడని తల్లి అనుకుంది. కాదంటే అమ్మ మనసు కష్టపెట్టుకుంటుందని కొడుకు అనుకున్నాడు. తమ్ముడికో దారి దొరుకుతోంది కదా, మధ్యలో నేనెందుకని కూతురు అనుకుంది. అందరూ సంతోషంగా ఉన్నారు కదా అని బాబాయి చప్పట్లు కొట్టాడు. ఆ ఇంట్లో అందరికీ అందరి మీదా ప్రేమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

కూతురు సంగతి చెప్పాలి. ఆవిడకి వంట ఇష్టం లేదని వీధంతా నమ్మేది, ఎందుకంటే ఆవిడే చెప్పేది. హోటల్లోకి వస్తే తింటుంది, పళ్లేలు కడుగుతుంది, పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లదు. కానీ టికెట్ల కిటికీలో కూర్చుని, గాలి ఇటు తిరిగినప్పుడు ముక్కు ఎగరేసి, "అట్టు రెండో వైపు తిప్పాలి, అమ్మకి చెప్పు" అని కండక్టరుతో కబురు పంపేది. తను ఉండే గదిలో ఒక రేకు పెనం మీద ఆపిల్ రొట్టె చేసి, తిరగేసి, విరిగితే మళ్లీ చేసి, అంతా ఒక్కతే కూర్చుని తినేది. తమ్ముడికి మూకుడు ఇస్తున్నారని తెలిసిన రోజు టికెట్లిస్తూ ఎన్నో తప్పులు చేసింది. 

అనుకున్న రోజు రానే వచ్చింది. డిపోకి సెలవు. బెంచీలన్నీ నిండి, చోటు దొరకని మెకానిక్కులు కిటికీల దగ్గర నిలబడ్డారు. కొడుకు తలకి నూనె రాసి, నున్నగా దువ్వుకుని వచ్చాడు. "కావాలి" అనే మాట అద్దం ముందు నిలబడి చాలాసార్లు అనుకున్నాడు. గట్టిగా అంటే నిజమైపోతుందని అతని ఆశ.

దుంపల తురుము పోసి, అదిమి, పిడి పట్టుకున్నాడు. తల్లి అడిగింది. కావాలమ్మా అన్నాడు. చిటపటలాడుతున్న మూకుడు ఒక్కసారి మూగబోయింది. అట్లకాడ దూర్చబోతే దూరలేదు.

బాబాయి లేచి మంట ఎక్కువైందన్నాడు. నూనె తక్కువైందన్నాడు. దుంపలు చెమ్మగా ఉన్నాయని, అవి తురిమింది తనే అన్న సంగతి మర్చిపోయి మరీ అన్నాడు. సరే, ఇంకోసారి చెయ్యమన్నారు. ఈసారి కొడుకు కంగారులో మాట ఇంకొంచెం పెంచి, ఈ హోటలంటే నాకు ప్రాణం అన్నాడు. పొగ లేచి కిటికీలోంచి బయటికి పోయింది. మెకానిక్కులు దగ్గుతూ పక్కకి జరిగారు.

కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. అప్పుడు కూతురు లేచింది. తమ్ముడి మొహం చూడలేకే లేచింది, వేరే ఆలోచన లేదు. మూకుడు తీసుకుని వేడినీళ్లు పోసింది, మాడింది మెత్తబడనిచ్చి రాళ్ల ఉప్పుతో గుండ్రంగా రుద్దింది, కడిగి పొయ్యి మీదే ఆరబెట్టి, మసిగుడ్డ కొసతో నూనె రాసింది. "చూడరా, మంట ఇంతే ఉండాలి. అదిమాక కదపకు" అంటూ దుంపల తురుము పోసి పిడి పట్టుకుంది. వెన్న ముక్క అంచు చుట్టూ జారవిడిచింది. అట్టు మూకుడులో తేలికగా తిరుగుతోంది. పొయ్యి ముందు ఆవిడ నిలబడ్డ తీరు చూసి బెంచీల మీద గుసగుసలు ఆగిపోయాయి.

హోటలమ్మ దగ్గరికొచ్చింది. కూతురి చేతినే చూస్తూ అడిగింది.

"నీకు అక్కర్లేదా ఇది?"

"నాకెందుకమ్మా. నాకు వంటంటే పడదని తెలుసు కదా."

చిటపటలు ఆగిపోయాయి. అట్టు తిరుగుతున్నది తిరుగుతున్నట్టే బిగుసుకుపోయింది.

ఆ నిశ్శబ్దం కిటికీ అవతలివాళ్లకి కూడా వినబడింది. సీట్లు లేవని వందమంది మొహం మీద చెప్పే మనిషి, తల్లి ముందు నీళ్లు నమిలింది. పిడి వదిలేస్తే ఏమైనా చెప్పుకోవచ్చు. కానీ వదిలితే అట్టు మాడిపోతుంది, మాడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. అడుగున కమ్మటి వాసన మెల్లగా చేదు వైపు తిరుగుతోంది.

తల్లి గొంతు పెంచలేదు. "మళ్లీ అడుగుతున్నా. ఇది నీకు కావాలా?"

"కావాలి" అంది కూతురు. ఆ తర్వాత మాట ఆగలేదు. "కావాలమ్మా. తమ్ముడికిస్తారని తెలిసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. చిన్నప్పటి నుంచీ ఇదొక్కటే కావాలి నాకు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. వాడికి ఇవ్వద్దు, నాకివ్వు."

మూకుడు ఒక్కసారి చిటపటమంది. అట్టు అంచు ముందు ఒక పక్క లేచింది, తర్వాత చుట్టూ లేచింది. అట్లకాడ అక్కర్లేకపోయింది. కూతురు రెండు చేతులతో పిడి పట్టి ఒక్క ఊపు ఊపేసరికి అట్టు గాల్లోకి లేచి, తిరిగి, చిన్న ముక్క కూడా రాలకుండా మళ్లీ మూకుడులో పడింది. పైకొచ్చిన వైపు ఎర్రగా వేగి ఉంది. డ్రైవర్లు బల్లలు బాదారు. ఎవరో బయటికి పరిగెత్తి ఖాళీ బస్సెక్కి హారన్ మోగించారు, అది ఎంతసేపటికీ ఆపలేదు.

ఆ గోలలోనే తమ్ముడు వచ్చి అక్క చేతి పక్కన తన చెయ్యి వేశాడు.

"నాకు బస్సు నడపాలనుంది అక్కా. లైసెన్సు కూడా తీసుకున్నాను. అమ్మ ఏమనుకుంటుందోనని దాచాను."

అట్టు పళ్లెంలోకి జారింది. మేనేజరు బెంచీ మీంచే, కొత్త డ్రైవర్లు కావాలని నెల నుంచి తల బాదుకుంటున్నానని, రేపు పొద్దున్నే వచ్చి కనబడమని చెప్పాడు. పాపం ఆయన పిడి పట్టుకుని లేడు గనుక జనం ఆయన్ని లాక్కొచ్చి, పిడి పట్టించి, అదే మాట మళ్లీ అనిపించారు. మూకుడులో వేసిన ఉల్లిపాయ ముక్క అంటుకోలేదు.

ఇక బాబాయి ఆగలేకపోయాడు. అందరినీ తోసుకుంటూ వచ్చి పిడి పట్టుకుని, "వదినా, నీ తీపి రొట్టెలో మొదట్నుంచీ చక్కెర తక్కువ" అన్నాడు. అందరూ మూకుడులోకి తొంగిచూశారు. ఉల్లిపాయ ముక్క హాయిగా తిరుగుతోంది. హోటలమ్మ ఇన్నాళ్లలో ఎన్నడూ లేనంతగా, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి, కన్నీళ్లు తుడుచుకోకుండానే, ముందే అడగాల్సింది తల్లీ నిన్ను, అంది.

తీపి వంటకం మిగిలింది. కూతురు ఎవరినీ అడగలేదు. వెన్న వేసింది, చక్కెర తన ఇష్టం వచ్చినంత పోసింది, అది బంగారు రంగు తిరిగాక ఆపిల్ ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేర్చింది. పైన పిండి కప్పి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసింది. రొట్టె మగ్గేదాకా అంతా దుంప అట్టు తుంచుకు తింటూ కూర్చున్నారు. తమ్ముడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. అతని మొహంలో ఎన్నాళ్ల బరువో దిగిపోయింది.

మూత తీశాక పెద్ద పళ్లెం బోర్లించి, మూకుడుతో సహా తిరగేయాలి. తల్లి చేతిలోంచి నేలపాలైంది ఈ పనిలోనే. కూతురు ఊపిరి బిగబట్టి, మోకాళ్లు కొంచెం వంచి, ఒక్కసారిగా తిప్పేసింది.  మూకుడు మెల్లగా పైకెత్తితే, రొట్టె గుండ్రంగా నిలబడి ఉంది. ఆపిల్ ముక్కలన్నీ పేర్చినవి పేర్చినట్టే మెరుస్తున్నాయి, పాకం అంచుల మీంచి కారుతోంది. ఒక్క ముక్క కూడా అడుగున మిగల్లేదు. హోటలమ్మ తన మసిగుడ్డ తీసి కూతురి భుజం మీద వేసింది.

బాబాయి కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మొదటి ముక్క ఎవరికని అడిగాడు. మేనేజరుకి ఇద్దామని ఒకరన్నారు, పెద్దావిడ ఉండగా ఆయనకేమిటని ఇంకొకరన్నారు. బాబాయి ఎటూ తేల్చుకోలేక కూతురి వైపు చూశాడు. మూకుడు అప్పటికే పక్కన పెట్టేసింది. ఆవిడ చేతిలో పిడి లేదు, ఏమన్నా చెల్లిపోయేది.

"నాకు" అంది. "ఆ అంచుది, పాకం ఎక్కువ పట్టింది చూడు, అది. పెద్దగా కొయ్యి బాబాయ్."

పొయ్యి ముందే నిలబడి, ఊదుకుంటూ, వేళ్లు నాకుతూ తింది. డిపో అంతా పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి, ఆవిడ తినడం అయ్యేదాకా ఆగింది.