పైఇంటి నీళ్ళ చప్పుడు

ఏప్రిల్ మొదటి మంగళవారం మధ్యాహ్నం మూడు నలభైకి ఐజాల్‌లో ఆ ఏడాది తొలివాన పడింది. మూడు నలభై ఐదుకి థాంగి తన వాన గొట్టం మూతిని ట్యాంకులోకి తిప్పింది.

తొలివానను ఎవరూ ట్యాంకులోకి పట్టరు. మార్చిలో కొండల మీద పోడు తగలబెడతారు. ఆ మసి ఇళ్ళ రేకుల మీద పేరుకుంటుంది. అరగంట సేపు గొట్టాన్ని పక్కకు తిప్పి, రేకుల మీది మసి కొట్టుకుపోయాక పట్టాలి. ఈ సంగతి థాంగికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

కానీ పైఇంట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది.

కొండవాలులో ఆ పైఇల్లు డిన్‌పుయీది. చర్చి ఆడవాళ్ళ ఏప్రిల్ కూడిక మూడేళ్ళుగా అక్కడే. ఎండాకాలంలోనూ ఆమె ట్యాంకు అడుగంటదు. ఈసారి ఎక్కడ పెడదామని చర్చిలో అడిగితే థాంగి అందరికన్నా ముందు లేచి, మా ఇంట్లో పెడదాం అంది.

"అరవైమందికి టీ, తల్లీ. నీళ్ళో?" అంది కూడిక పెద్ద.

"నేను లేనూ? బిందె పట్టుకొస్తే పోస్తాలే," అంది డిన్‌పుయీ.

అందరూ నవ్వారు. థాంగి కూడా నవ్వింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

కూడిక శనివారం, థాంగి ఇంట్లోనే. ఆమె ట్యాంకులో జానెడు నీళ్ళున్నాయి.

భర్త సాంగా గుమ్మంలోకి వచ్చాడు. "అప్పుడే తిప్పావేంటే?"

"ఆవిడ పడుతోంది. వినబడట్లా?"

"ఆవిడ పడితే నీకెందుకు? మసి దిగనీ."

"ఆవిడ రేకులకి లేని మసి నా రేకులకే ఉందా? ఈలోగా వాన ఆగిపోతే? మూడేళ్ళుగా ఆవిడ వంటింట్లో కప్పులు కడుగుతున్నా. ఒక్కసారి ఆవిడొచ్చి నా వంటింట్లో కడగనీ."

"దానికోసమా ఇదంతా?" అని సాంగా లోపలికి పోయాడు.

నాలుగున్నరకు వాన ఆగింది. ట్యాంకు సగానికి పైగా నిండింది. థాంగి చెంబు ముంచింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి. గుడ్డలో వడకట్టింది. గుడ్డ నల్లబడింది గాని నీళ్ళు తేరలేదు.

మెట్లెక్కి డిన్‌పుయీ ఇంటికి వెళ్ళింది. ట్యాంకు పక్కన ఇనప పీపా ఒకటి, అంచుదాకా మసినీళ్ళతో ఉంది.

"రా థాంగీ," అంది డిన్‌పుయీ. "పందుల దొడ్డి కడగడానికి దీంట్లో పట్టా. చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. నాలుగుంబావుకి ట్యాంకులోకి తిప్పా, కాస్త దొరికాయి. నీకో?"

"బాగానే దొరికాయి, అక్కా."

"మంచిదేలే. శనివారానికి సరిపోతాయి."

మళ్ళీ వాన పడలేదు. శుక్రవారం పొద్దున ఆరింటికి థాంగి ట్యాంకు అడుగు కొళాయి విప్పి నల్లనీళ్ళన్నీ వదిలేసింది. ఏడింటికి కూడిక పెద్దకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పింది.

శనివారం రెండింటికి కూడిక డిన్‌పుయీ ఇంట్లో జరిగింది. యాభై ఎనిమిది మంది వచ్చారు. థాంగి వెళ్ళలేదు.