మొదటి ఫోన్ ఎవరికి?

మెసేజ్ వచ్చినప్పుడు నేను నా నర్సు యూనిఫాం కాలరు రుద్దుతున్నాను. మా ఆయనే చదివి వినిపించారు. ఫ్యాక్టరీ ప్రమాద సహాయక బృందానికి ఇకనుంచి నేనే నాయకురాలిని! గంతేశాను. నా చేతి నురుగు వెళ్లి ఆయన ముక్కు మీద వాలింది. పెళ్లైన కొత్తలో నురుగుకీ అందం వస్తుంది కాబోలు.

"ఈల కూడా ఇస్తారటే? మాకు ఈల వేసే కోడలు దొరికిందన్నమాట!" అని అత్తయ్య ఒకటే నవ్వు.

ఆయన ఫ్రిజ్‌లోంచి కేకు తీశారు. పైన క్రీముతో అభినందనలు. మొదటి ముక్క తియ్యగా దిగింది. రెండోది నోటిదాకా తెచ్చి ఆగాను. కబురు ఇప్పుడే కదా వచ్చింది, మరి కేకు ఎప్పుడొచ్చినట్టు?

"మీకు ముందే తెలుసా?"

"మన మేనేజరుగారు అడిగార్లేవోయ్, మీ ఆవిడ చెప్పిన మాట వింటుందా అని. బంగారం సార్, గీసిన గీత దాటదు అన్నా."

మెచ్చుకోలుగానే అన్నారు. కానీ నర్సు పని తెలుసా అని కదా అడగాలి? మాట వింటుందా అని ఎందుకడిగారు? నాకన్నా ముందున్న సీనియర్ నర్సు, చెయ్యి కాలిన కార్మికుడి కోసం ఎవరినీ అడక్కుండా అంబులెన్స్ పిలిచింది. వారం తిరక్కుండా ఆవిణ్ణి స్టోర్‌రూమ్‌కి మార్చారు. అంతకుముందు దెబ్బ తగిలినవాళ్లని మేనేజరు తన కారులోనే వెనక గేటు గుండా ఆసుపత్రికి తీసుకెళ్లేవారట. ఎంత మంచాయనో అనుకున్నాను. ముందు గేటు దగ్గర 'ప్రమాదాలు లేవు' అన్న బోర్డు మాత్రం ఎప్పుడూ మారలేదు.

"ఏం లేదు, ఏదైనా జరిగితే ముందు మేనేజరుగారికి ఫోన్ చెయ్యి. అంబులెన్స్ కావాలో వద్దో ఆయనే చూసుకుంటారు," అన్నారు మా ఆయన, వేలికంటిన క్రీము నాకుతూ.

"కారులో ఆక్సిజన్ ఉండదండీ."

"అబ్బా, రోజూ గ్యాస్ లీకవుతుందా ఏంటి?"

"బాయిలర్ దగ్గర పనిచేసేది మీరు. పడిపోయింది మీరైతే?"

ఆయన నవ్వబోయి ఆగారు. అత్తయ్య కేకు కొయ్యడం మానేసి కొడుకు మొహంలోకి చూశారు. ఇంతసేపూ నేను ముద్దుగా చూసిన ఆ మొహం నాకు కొత్తగా కనిపించింది.

"రేపు పొద్దున ఫ్యాక్టరీలో ప్రమాదాల డ్రిల్లు ఉందిగా," అన్నాను. "సైరన్ మోగగానే నా మొదటి ఫోన్ అంబులెన్స్‌కే, అందరి ముందూ స్పీకర్ పెట్టి. ఈ సంగతి మీ సారుకి మీరే చెప్పండి. నా గురించి చెప్పడం మీకు అలవాటేగా!"