ఆదివారపు గెలుపులు

హరికృష్ణ పోకరు పోటీ హాల్లో తన కుర్చీ నంబరు వెతుక్కుంటూ వచ్చి, బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషిని చూసి, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోదామా అనుకున్నాడు. నల్లకళ్లద్దాల మనిషికీ, టోపీ పెట్టుకున్న తెల్లాయనకీ మధ్య, పసుపు చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని తారాదేవి ఆంటీ కూర్చుని ఉంది. సింగపూరులో, యూ టీ పేటలో తను అద్దెకుంటున్న ఫ్లాటు యజమానురాలు. శనివారం కాబట్టి ఈపాటికి పెరుమాళ్ గుడిలో ప్రసాదం తింటూ ఉండాల్సిన మనిషి.

"అలామాక్! హరీ, నువ్వు కూడానా?" అంది ఆవిడ, పట్టలేని సంతోషంతో.

"ఆంటీ, మీరిక్కడ..." అని మొదలుపెట్టి హరికృష్ణ అక్కడే ఆగిపోయాడు. ముక్కలు పంచే అమ్మాయి వాళ్లిద్దరినీ చూసి, బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వేరే భాష కూడదని మర్యాదగా చెప్పింది. ఆవిడ నాలిక కరుచుకుని, అతనికేసి కన్ను గీటింది. హరికృష్ణకి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆవిడకి పోకరు ఆడడం రాదన్న సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో తనొకడు.

సింగపూరు వన్-నార్త్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. జావా అన్న మాట రెండుసార్లు తడబడకుండా పలికినవాణ్ణల్లా విమానం ఎక్కించి తెచ్చుకుంటున్న రోజులు. అలా వచ్చిపడ్డ హరికృష్ణకీ, రమణకీ, వాళ్లకి పెద్దదిక్కులాంటి జనార్ధనరావుకీ తారాదేవి తన ఫ్లాటులో రెండు గదులిచ్చింది. ఆవిడ పుట్టింది మలేషియాలో. తాతల నాడే రబ్బరు తోటలకి వచ్చిన తెలుగు కుటుంబం. పెళ్లయి సింగపూరు వచ్చింది, భర్తని పోగొట్టుకుంది, ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఒక సోమవారం పొద్దున మూసేసుకుని చైనా వెళ్లిపోతే ఇంట్లో కూర్చుంది.

పోకరు ఆవిడకి నేర్పింది హరికృష్ణే. మనిషికి రెండు ముక్కలు బోర్లా ఇస్తారు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు పరుస్తారు, అన్నిట్లోంచి ఎవరికి గొప్ప ఐదు కుదిరితే వాళ్లది గెలుపు. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచి అవతలివాణ్ణి బెదరగొట్టొచ్చు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ కింద చాప వేసుకుని చింతగింజలు పందెంగా ఆడేవాళ్లు. మొదటి ఆదివారం ఆంటీ గింజలన్నీ పోగొట్టుకుని, ఒక్క మాట లేకుండా లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రాత్రికి పొయ్యి వెలగలేదు. ముగ్గురూ నూడుల్స్ తిని పడుకున్నారు.

రెండో ఆదివారం ఆవిడ గెలిచింది. రాత్రికి చేపల పులుసు.

జనార్ధనరావు ప్రాజెక్టు మేనేజరు. ఇలాంటి విషయాలు అతనికి చెప్పక్కర్లేదు. మూడో ఆదివారానికల్లా ఎవరు ఎప్పుడు ఓడిపోవాలో వంతులు వేసేశాడు. పద్ధతి చాలా తేలిక. నీ చేతిలో మంచి ముక్కలుంటే వాటిని తిప్పి చూపించకు. బోర్లాగానే గుట్టలోకి విసిరేసి, "పోయింది ఆంటీ" అని నిట్టూర్చు. అంతే. పాపం, కడుపు కోసం మొదలైన పని, తర్వాత ఆవిడ నవ్వు కోసం సాగింది. రెండేళ్లు సాగింది. పెద్దవాళ్ల చేతిలో ఓడిపోవడం మర్యాదే కదా అనుకున్నారు ముగ్గురూ. అంతంత చదువులు చదివినవాళ్లకి, అది మోసం అని ఒక్కసారైనా తోచలేదు.

ఇప్పుడు ఆవిడ ఆ గెలుపుల్ని నమ్ముకుని, పెద్ద హోటలు హాల్లో, ఏడు దేశాల ఆటగాళ్ల మధ్య కూర్చుంది. ఇక్కడ చింతగింజలు లేవు, రంగురంగుల బిళ్లలు. బిళ్లలు అయిపోయినవాడు లేచి వెళ్లిపోవాలి, రెండో అవకాశం లేదు. గంటలో తుడిచిపెట్టుకుపోతుంది అనుకున్నాడు హరికృష్ణ. ఆవిడ ముఖం ఎలా చూడాలో తెలియక తన ముక్కలకేసి చూస్తూ కూర్చున్నాడు.

గంట గడిచింది. లేచి వెళ్లింది టోపీ తెల్లాయన. ఆయన బిళ్లలన్నీ ఆంటీ ముందున్నాయి. ఇంకో అరగంటకి కొరియా నుంచి వచ్చినామె కూడా ఆంటీ చేతిలోనే పోయింది. అదృష్టం, అనుకున్నాడు హరికృష్ణ. మనకి నచ్చని నిజం ఎదురైనప్పుడు చెప్పుకోవడానికి అంతకంటే వీలైన మాట లేదు మరి.

విరామంలో ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కెళ్లింది. కాఫీ కప్పు చేతిలో పెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది.

"ఆరు శనివారాలుగా గుడికని చెప్పి ఇక్కడికే వస్తా ఉండా. క్వాలిఫైయింగ్ ఆటలు లా! రెండొందల మందిలో పదిమందిని తీసుకున్న్యారు. అందులో నేనొకదాన్ని. మీకు చెప్పలేదు, సర్‌ప్రైజ్ ఇద్దామని."

"అంతమందిలోనా, ఆంటీ?" అన్నాడు హరికృష్ణ. తను రుసుం కట్టి నేరుగా వచ్చినవాడు.

"నాకే నమ్మకం లేదు మొదట్లో. ఏమయ్యా, ఇరవై ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీలో వైర్లకి సీసం అంటించినా. సూపర్‌వైజరు గానీ, మా ఆయన గానీ, నీకూ ఒక బుర్ర ఉందని ఒక్కరన్నా అన్న్యారా? లేదు. ఆయన పోయినాక బ్యాంకు కాగితం కూడా పక్కింటి చైనా ఆమె దగ్గర చదివించుకున్నా, నాకు తెలీదేమోనని." ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు ముగ్గురూ వచ్చినాకనే నాకు తెలిసింది. పెద్ద పెద్ద ఇంజనీర్లు, కంప్యూటర్‌తో మాట్లాడేవాళ్లు. ముగ్గురు ముగ్గురూ నా చేతిలో ఓడిపోతా ఉంటిరి కదా, ప్రతి వారం. అప్పుడనుకున్నా, తారా, నీకు బుర్ర ఉందే అని. అదే ధైర్యం. వేరే ఏమీ లేదు."

హరికృష్ణ కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. చెప్పేద్దామా అనుకున్నాడు. ఏమని చెప్పాలి? పులుసు కోసం ఓడిపోయాం ఆంటీ, అనా? ఇంతలో గంట మోగింది, ఆవిడ చెంగు సర్దుకుని పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లిపోయింది. ఏమైనా సరే, ఈ మాట ఆవిడ చెవిన పడకూడదు అని హరికృష్ణ గట్టిగా అనుకున్నాడు. ఈ పోటీ పోయినా ఫరవాలేదు, తన బిళ్లలన్నీ పోయినా ఫరవాలేదు.

విరామం తర్వాత నాలుగో ఆటలో అతనికి రెండు రాజులు వచ్చాయి. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు. పందెం పెంచాడు. అందరూ తప్పుకున్నారు, ఆంటీ ఒక్కతే నిలబడింది. బల్ల మీద మొదటి మూడు ముక్కలు పరిచారు. కళావరు రాజు, డైమను రాజు, ఒక ఏడు.

నాలుగు రాజులూ తన దగ్గరే. ఇక మీద ఏ ముక్క వచ్చినా ఈ ఆటలో తనని కొట్టేవాడు దాదాపు లేనట్టే. ఇలాంటి చెయ్యి జీవితంలో ఎన్నిసార్లొస్తుంది? అప్పుడే ఆంటీకేసి చూశాడు. ఆవిడ ఎడమచేతి గాజుని మోచేతి దాకా పైకి తోసుకుంటోంది. చేతిలో గొప్ప ముక్కలున్నప్పుడల్లా ఆవిడ చేసే పని అదే. రెండేళ్లుగా ముగ్గురికీ తెలుసు. ఏడులుంటాయి ఆవిడ దగ్గర, జత. బల్ల మీది ఏడుతో కలిపి మూడు ఏడులు, రెండు రాజులు. ఎవరికైనా చాలా గొప్ప చెయ్యి, ఒక్క హరికృష్ణకి తప్ప.

నాలుగో ముక్క, ఐదో ముక్క ఎందుకూ కొరగానివి. చివరి పందెం దగ్గర ఆవిడ రెండు వేళ్లతో బల్ల మీద తట్టి, నేనేమీ పెంచను అని ఊరుకుంది. అది వల అని అతనికి తెలుసు. ఇతను పెంచుతాడు, తను ఉన్నవన్నీ పెట్టేసి పట్టేస్తుంది, అదీ ఆవిడ లెక్క. అతని బిళ్లలు ఆవిడవాటికంటే కాస్త ఎక్కువే. అతను నిజంగానే పెంచితే ఆవిడ ఉన్నవన్నీ పెట్టేస్తుంది, ఒక్క నిమిషంలో సంచీ పట్టుకుని బయటికి నడుస్తుంది.

హరికృష్ణ కూడా బల్ల తట్టాడు.

ఆవిడ కాస్త నిరాశపడి, అయినా గర్వంగా, రెండు ఏడుల్నీ తిప్పి చూపించింది. అప్పుడు హరికృష్ణ చెయ్యి, ఆలోచన అక్కర్లేకుండా, రెండేళ్ల అలవాటు కొద్దీ ఆ పని చేసేసింది. రెండు రాజుల్నీ బోర్లాగానే గుట్టలోకి తోసేసి, నిట్టూర్చాడు.

"ఆగండి. ఆ ముక్కలు చూడాలి," అన్నాడు నల్లకళ్లద్దాల మనిషి.

చివరిదాకా ఆటలో ఉన్నవాడి ముక్కలు చూపించమని బల్ల దగ్గరున్న ఎవరైనా అడగొచ్చట. చింతగింజల ఆటలో ఆ నియమం లేదు. హరికృష్ణ "వద్దు, ఎందుకు, ఏమీ లేవు" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ముక్కలు పంచే అమ్మాయి అతని చెయ్యి సున్నితంగా పక్కకి జరిపి, రెండు ముక్కల్నీ వెల్లకిలా తిప్పి, బల్ల మీది రెండు రాజుల పక్కన పెట్టింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో ఈల వేశారు. ఎవరో దొంగాట అని అరిచారు. బిళ్లలు దగ్గరికి లాక్కుంటున్న ఆంటీ చేతులు సగంలో ఆగిపోయాయి. ఆవిడ ఆ నాలుగు రాజుల్నీ చూసింది. హరికృష్ణని చూసింది. మళ్లీ రాజుల్ని చూసింది.

పర్యవేక్షకుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మదైన గొంతు. జరిగింది విని, "మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా?" అని అడిగాడు.

హరికృష్ణ నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది. "తెలుసు. నా ఇంట్లోనే ఉంటాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నా చేతిలో ఓడిపోతాడు."

చివరి మాట నెమ్మదిగా పలికింది. పలికాక, దాన్ని మళ్లీ తనే విన్నట్టు అతని వైపు తిరిగింది. అప్పుడు, ఇంగ్లీషు నియమం మరిచిపోయి, తెలుగులో అడిగింది.

"ఆదివారాలన్నీ ఇంతేనా, హరీ?"

అతను తల దించుకున్నాడు.

"రమణ కూడానా? జనార్ధనం కూడానా?"

హరికృష్ణ ఏదో ఒకటి అనాలి కాబట్టి "మీ మీద ప్రేమతోనే ఆంటీ" అన్నాడు. ఆ క్షణంలో దానికంటే పనికిమాలిన మాట ఇంకొకటి దొరికి ఉండదు. ఆవిడ ముఖంలో రక్తం లేదు. కొట్టినా తిట్టినా బాగుండును అనిపించింది అతనికి.

పర్యవేక్షకుడు తీర్పు చెప్పాడు. గెలిచే ముక్కలు కావాలని వదులుకున్నందుకు హరికృష్ణ పోటీ నుంచి బయటికి. మరి ఈవిడ? ఈవిడకీ ఇందులో పాలుందా?

"ఆవిడ ముఖం చూడండి," అన్నాడు నల్లకళ్లద్దాల మనిషి. "ఆవిడకి ఏమీ తెలీదు. ఆడనివ్వండి."

ఆంటీ తన ముందున్న బిళ్లల్ని రెండు చేతులతో అవతలికి నెట్టింది. "ఇవి నావి కావు. తీసేసుకోండి," అంది ఇంగ్లీషులో. నియమం ప్రకారం గుట్టలో పడిన ముక్కలు లెక్కలోకి రావు, కాబట్టి ఆ బిళ్లలు ఆవిడవే అన్నాడు పర్యవేక్షకుడు, వాటిని మళ్లీ ఆవిడ ముందుకి జరుపుతూ. ఆవిడకి వాటిని పేర్చుకోక తప్పలేదు. ఒక్కొక్కటీ పేర్చింది, ఎవరివో సామాన్లు సర్దుతున్నట్టు.

హరికృష్ణ అప్పుడే వెళ్లిపోవాల్సింది. సిగ్గున్నవాడెవడైనా వెళ్లిపోయేవాడే. అతను చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నిలబడిపోయాడు. ఆవిడ ఇప్పుడు ఓడిపోతుందని భయం, తన వల్ల ఓడిపోతుందని. నాలుగైదు ఆటలు ఆవిడ ముక్కలు చూసి పక్కన పెట్టేసింది. ఆరో ఆటలో నల్లకళ్లద్దాల మనిషితో నిలబడింది. అతను చివర్న తన బిళ్లలన్నీ ముందుకి తోశాడు. అతనివి ఆవిడ బిళ్లలకి ఒక పిడికెడు మాత్రమే తక్కువ.

ఆవిడ చేతిలో ఏముందో హరికృష్ణకి కనబడలేదు. గాజు కదల్లేదు. ఆవిడ ఆ మనిషి మెడకేసి, అతని చేతులకేసి, ముందు అతను ఎంతెంత పందెం వేశాడో గుర్తు చేసుకుంటున్నట్టు బల్లకేసి, చాలాసేపు చూసింది. హాల్లో పక్క బల్లల వాళ్లు కూడా లేచి వచ్చారు. చివరికి ఆవిడ అంతే పందెం ముందుకి తోసి, "కాల్," అంది.

ఒక జత తొమ్మిదులు. అంతే ఉన్నాయి ఆవిడ దగ్గర. నల్లకళ్లద్దాల మనిషి తన ముక్కలు తిప్పాడు. అతని దగ్గర అది కూడా లేదు. ఉత్త బెదిరింపు.

చప్పట్లు మోగాయి. అదృష్టం కాదిది. ఆ మనిషి అబద్ధాన్ని ఆవిడ కళ్లతో చదివి పట్టుకుంది. తను గానీ, రమణ గానీ, జనార్ధనరావు గానీ ఏడు జన్మలెత్తినా ఆ తొమ్మిదులతో నిలబడేవాళ్లు కారు. రెండేళ్లుగా ఎవరి మీద జాలిపడుతూ కూర్చున్నారో ఇప్పుడు తెలిసింది. ఒక్క ఆదివారం నిజంగా ఆడి ఉంటే అప్పుడే తెలిసేది, ఆవిడకీ తెలిసేది.

నల్లకళ్లద్దాల మనిషి కళ్లద్దాలు తీసి, లేచి నిలబడి, చెయ్యి చాచాడు. "గొప్పగా ఆడావు, ఆంటీ."

ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. అతని ముఖంలోకి చూస్తూ, "నిజంగానే ఓడిపోయావా? లేక నాకు వదిలేశావా?" అని అడిగింది.

అతను హాస్యమనుకుని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "లేదు ఆంటీ. గెలవాలనే హాంకాంగ్ నుంచి ఇంతదూరం వచ్చాను," అన్నాడు.

ఆవిడ ఆ మాట విని, నమ్మాలా వద్దా అన్నట్టు నిలబడింది. తర్వాత ముక్కలు పంచే అమ్మాయి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా," అంది. "ఇతను నిజంగానే ఓడిపోయాడా?"