అట్టమీద జనం

నేను ఒక బొమ్మల బల్లను. ఇప్పుడు నా ముందు ఎర్రతాడు కట్టి, చేతితో తాకరాదని అట్టముక్క మీద రాసి పెట్టారు. ఇన్నేళ్లూ నామీద టీ గ్లాసులు పెట్టారు, మోచేతులు ఆనించారు, బ్లేడుతో గాట్లు పెట్టారు, ఒక పసిపిల్ల ఎక్కి గంతులు కూడా వేసింది. అప్పుడెవరికీ రాని మర్యాద ఇప్పుడు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకు తెలియదు. పనికొచ్చినంతకాలం మనుషుల కంటికి వస్తువు ఆనదు. పనికిరాకుండా పోయాక దండలు వేస్తారు.

నన్ను చేసింది బెజవాడ వన్‌టౌన్‌లో వడ్రంగి లక్కోజు బ్రహ్మయ్య. ఎవరిదో పాతమేడ పడగొడుతుంటే టేకు తలుపు కొనుక్కొచ్చి, చిత్రిక పట్టి, కొడుకు వీరాచారి కోసం ఏటవాలుగా నిలబెట్టాడు. కొడుకు ఉలి వదిలేసి కుంచె పట్టాడని ఆయనకు లోపల మంటే. "బొమ్మలేసి ఏం బాగుపడతావో నాకు తెలవదు. వేస్తే వెయ్యి. బల్ల మాత్రం ఇంకోడు చేసింది నా ఇంట్లోకి రాకూడదు" అన్నాడు. అలా కోపంలోంచి పుట్టాను నేను.

వీరాచారి 'బాలవిహంగ' అనే ప్రచురణ సంస్థకు అట్టబొమ్మలు వేసేవాడు. వాళ్ల బొమ్మల కథల్లో హీరో పేరు కంచుకవచం. ఒంటినిండా కంచు తొడుగు, భుజాలమీద ఎర్రటి వస్త్రం. ఆకాశంలో ఎగురుతాడు, రైలింజన్ ఎత్తుతాడు. ఆ వస్త్రం మడతలు సరిగ్గా రావాలని వీరాచారి తన భార్య భ్రమరాంబ మెడకు ఎర్రదుప్పటి ముడివేసి, కుర్చీ ఎక్కించి నిలబెట్టేవాడు. రాష్ట్రమంతా పిల్లలు మురిసిపోయిన ఆ వీరుడి భుజాలు, పప్పులో తాలింపు వేసి వచ్చిన ఆవిడవి.

వాళ్ల పని పద్ధతి విచిత్రంగా ఉండేది. అట్ట రంగుల్లో శివకాశిలో అచ్చవ్వాలి. లోపలి పేజీలు బెజవాడలోనే ఒక్క రంగులో త్వరగా అచ్చయిపోతాయి. అందుకని అట్ట ముందు వేసి పంపించేవారు, కథ ఆ తర్వాత రాసేవారు. వీరాచారి అట్టమీద ఏం వేస్తే అదే కథలో జరిగి తీరాలి. కథలు రాసే ముకుందం ఆ బొమ్మ ముందు కూర్చుని తల పట్టుకునేవాడు.

డెబ్బైల్లో అట్ట అంటే జనం. వంతెన విరిగి బస్సు వేలాడుతుంటుంది. పైన ఎక్కడో మూల కంచుకవచం ఎగిరొస్తుంటాడు, పక్కనే తెల్లబుడగలో "భయపడకండి, వస్తున్నా!" అని రాసి ఉంటుంది. మిగతా అట్టంతా కాపాడవలసిన మనుషులే. మజ్జిగమ్మే సూరమ్మ, రిక్షా గవర్రాజు, కళ్లజోడు జారిపోతున్న కాంపౌండరు, అందరూ మా సందువాళ్లు. ఆ అట్టమీద పడాలని సందంతా వీరాచారిని కాకాపట్టేది. "ఏమయ్యా ఆచారీ, ఈసారి మా బావమరిదిని కాస్త వరదలో ముంచకూడదూ?" అని కాంపౌండరు అడగటం నేను స్వయంగా విన్నాను.

వీరాచారికి ఒక్కతే కూతురు, హంస. ఒకరోజు నామీదకెక్కి, రంగుసీసా అందుకోబోయి జారింది. నా మూల తగిలి ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలైంది. గాయం మానినా ఆ చీలిక మీద మళ్లీ వెంట్రుక మొలవలేదు.

ఎనభైలో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. హంసకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు. ఘాటు మెట్లమీద తల్లి కొంగు పట్టుకుని ఉన్న పిల్ల, ఆవిడ మునక వేసి లేచేసరికి లేదు. కొంగు తడిసి ఒంటికి అంటుకుని ఉందట, పిల్ల చెయ్యి ఎప్పుడు వదిలిందో తెలియలేదట. మైకులో పిలిపించారు, పోలీసులకు చెప్పారు, పేపర్లో వేయించారు. దొరకలేదు. చాలా రోజులపాటు నామీద ఒక్క కాగితం కూడా పరవలేదు.

చివరికి భ్రమరాంబే వచ్చి నా పక్కన నిలబడింది. "పేపర్లో వేసింది మర్నాటికి పొట్లాలైపోతుందండీ. మీ పుస్తకం ప్రతి బస్టాండులోనూ, ప్రతి రైల్వేస్టేషన్‌లోనూ నెలంతా వేలాడుతుంది. దాన్ని అట్టమీద వెయ్యండి. ఎవరో ఒకరు చూడకపోతారా?" అంది.

ఆ రోజు నుంచీ ప్రతి అట్టమీదా హంస ఉంది. నిప్పంటుకున్న మేడ కిటికీలో, మునుగుతున్న పడవ అంచున, ముష్కరుడి చంకలో. ముందు నా కుడిమూల చెక్కమీదే పెన్సిలుతో ఆ మొహం వేసి చూసుకునేవాడు. ఏడాది తిరిగితే పిల్ల కూడా ఏడాది పెరిగేది. బుగ్గలు కాస్త తగ్గించేవాడు, గడ్డం కాస్త సాగదీసేవాడు. పాత గీతలమీద కొత్త గీతలు పడి, నా మూలలో ఆ పిల్ల పెరుగుతూ వచ్చింది. కనుబొమ్మ చీలిక మాత్రం ఎప్పుడూ మారలేదు. "పొడుగు జడ వెయ్యండి, నా తల్లికి జుట్టు ఒత్తు" అని భ్రమరాంబ పట్టుబట్టేది. జడ వేసేవాడు.

ముకుందానికి సంగతి తెలుసు. "ఆచారిగారూ, ఈ పిల్లని ఇంకెన్నిసార్లు తల్లి ఒళ్లో చేర్చమంటారండీ?" అని ఒక్కసారి మాత్రం అడిగాడు. మళ్లీ తనే వెళ్లి రాసుకున్నాడు. నెలనెలా పుస్తకంలో ఆ పిల్ల తల్లిని చేరుకునేది. నెలనెలా మా ఇంట్లో ఇద్దరే అన్నం తినేవారు.

ఇంతలో టీవీ వచ్చింది. యజమాని పూర్ణచంద్రరావు గారికి బెంగ పట్టుకుంది. "హీరో పెద్దగా పడాలయ్యా. కొట్లో దారానికి వేలాడుతుంటే రోడ్డు అవతలివాడికి మీసం కనపడాలి" అన్నారు. కంచుకవచం మధ్యకు వచ్చాడు, ఛాతీ విప్పారింది. జనం కిందికి జరిగి నడుములదాకా మిగిలారు. తర్వాత తలలదాకా మిగిలారు. సూరమ్మ పోయింది, గవర్రాజు పోయాడు. హంస తల ఉంది.

తొంభైల మొదట్లో పూర్ణచంద్రరావు గారి కొడుకు కిషోర్ గద్దెనెక్కాడు. విదేశీ పుస్తకాలు తెచ్చి నామీద పరిచాడు. వాటినిండా పళ్లు కొరుకుతున్న మగాళ్లు, తాళ్లలాంటి నరాలు, కన్ను కనపడని చీకటి మొహాలు. రంగు ఊదే గొట్టం ఒకటి కొనిచ్చి, కుంచె పక్కన పెట్టమన్నాడు. మొదట్లో పిల్లల్ని చూసి నవ్వే కంచుకవచం, ఇప్పుడు అట్టలోంచి చూసేవాడినే కొట్టేలా తయారయ్యాడు.

"ఇంకా ఈ జనమెందుకు అంకుల్? జనాన్ని చూడ్డానికి ఎవరన్నా పుస్తకం కొంటారా?" అన్నాడు కిషోర్.

"బాబూ, మూల బొటనవేలంత చోటివ్వు చాలు. ఇంకేం అడగను" అన్నాడు వీరాచారి. అంత పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్కడ బహుమతి కూపన్ వస్తుంది కదా. అయినా ఎన్నేళ్లని ఇలా? మీరు మర్చిపోతే మీకే మంచిది." కిషోర్ ఆ మాట దయగానే అన్నాడు. కత్తితో కోసేవాడు కూడా అంత మెత్తగా కోయడు.

ఆ నెలనుంచి అట్టమీద కంచుకవచం ఒక్కడే. వెనక చీకటి, పొగ, వాన. ఎవరినీ కాపాడటం లేదు. ఎవరూ లేరు కాబట్టి ఆ అవసరమూ రాలేదు. భ్రమరాంబ కొత్త పుస్తకం తెరవడం మానేసింది. వీరాచారి మాత్రం నా మూలలో పెన్సిలుతో గీయడం మానలేదు. పిల్లకు పెళ్లీడు వచ్చింది, చెంపలు నిండాయి. అదెవరు చూస్తారు? నేను తప్ప.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. అట్టల పని ఆఫీసుకి మారి, వీరాచారితోపాటు నేనూ ఇంట్లోంచి అక్కడికి చేరాను. ఆనక నన్ను గోడౌన్లోకి తోసి నామీద అమ్ముడుపోని కట్టలు పేర్చారు. వీరాచారి పోయిన సంగతి, కట్టలు దించడానికి వచ్చినవాళ్లు మాట్లాడుకుంటుంటే తెలిసింది.

ఇన్నాళ్లకి పాత అట్టలకు మోజు వచ్చింది. ఒకప్పుడు శివకాశిలో రంగు పక్కకు జరిగి అచ్చయితే వీరాచారి నెత్తీనోరూ కొట్టుకునేవాడు. ఇప్పుడు కుర్రాళ్లు కూర్చుని కంప్యూటర్లో రంగుల్ని కావాలనే పక్కకు జరుపుతున్నారు, పాతదనం రావాలట. బాలవిహంగ ఉత్సవం పెట్టింది. నన్ను బయటికి తీశారు. ఒక వడ్రంగి గరుకుకాగితం పెట్టి తోమాడు, రెండుసార్లు పాలిష్ కొట్టాడు. కుడిమూల నల్లగా మాసి ఉందని అక్కడ ఇంకాస్త గట్టిగా తోమాడు. పసిపిల్ల నుంచి పెద్దపిల్లదాకా హంస మొత్తం పొడిగా రాలి చీపురుకెళ్లింది.

ఈ రోజే ప్రారంభం. అదుగో, వేదికమీద భ్రమరాంబకు శాలువా కప్పుతున్నారు. మైకులో కిషోర్ గొంతు హోరెత్తుతోంది. ఇటు నా పక్కన ఇద్దరు నడివయసు మగవాళ్లు గోడమీది అట్టలు చూస్తున్నారు. ఒకతను పడవ మునుగుతున్న బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఒరే, ఈ పిల్లని చూడు. మా సామర్లకోటలో మా సందులో దర్జీ కోటేశ్వర్రావు కూతురని చెప్పేవోణ్ణి కదా, సొంత కూతురు కాదులే, పుష్కరాల రైల్లో దొరికితే పెంచుకున్నారు. ఆ పిల్లే అచ్చు గుద్దినట్టు. జడే తేడా, దానికి ఎప్పుడూ క్రాపే. కనుబొమ్మ కూడా ఇలాగే తెగి ఉండేది. 'నిన్ను కంచుకవచం కాపాడాడే' అని తెగ ఏడిపించేవోళ్లం."

"మరి ఎవరికీ అనుమానం రాలేదేంట్రా?"

"దానికే వచ్చింది. 'బెజవాడెళ్లి ఈ బొమ్మలేసినాయన్ని అడుగుతా, తోడు రండి' అంది. ఎల్దారి ఎల్దారి అనుకుంటుండగానే అట్టమీద జనాన్ని తీసేశారు. 'ఉత్తినే మన భ్రమలేవే' అన్నాం. అదీ ఊరుకుంది. ఇప్పటికీ అక్కడే, మిషను కుట్టుకుంటోంది."

అతను నవ్వి పక్క బొమ్మ దగ్గరికి జరిగాడు. బ్రహ్మయ్య నాకు నాలుగు కాళ్లు పెట్టాడు, నోరు పెట్టలేదు.

చప్పట్లు అయ్యాయి. భ్రమరాంబ మెల్లగా నా దగ్గరికి వచ్చింది. ఎర్రతాడు పైకెత్తి, వంగి, నా కుడిమూల అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ తడిమింది. "ఇక్కడ మా అమ్మాయి ఉండాలి కదా నాయనా?" అని అక్కడ కాపలా ఉన్న కుర్రాణ్ణి అడిగింది.

"పాలిష్ పెట్టించామండీ మామ్మగారూ. కొత్తదానిలా వచ్చింది కదా?" అన్నాడు వాడు సంబరంగా.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. సామర్లకోట మనిషి ఫోను తీసి ఇటు తిరిగాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? ఫోటో తీసుకుంటాం."

ఆవిడ జరిగింది. ఫోటోలో నేనూ, నా వెనక గోడమీద కంచుకవచమూ పడ్డాం.