తొట్టి నిండా నీళ్ళు

అరవై అయిదు కరువులో కూడా తమ గుళ్ళో బాప్తిస్మం ఆగలేదని పొదిలి పక్క పల్లెలో బాప్టిస్టు సంఘం వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఎట్లా ఆగలేదో కోటిరత్నాన్ని మాత్రం అడగరు.

ఆ ఏడు మిరప చేలు నిలువునా మాడిపోయాయి. బావులు అడుగంటాయి. ఉన్న ఒక్క ఊటబావి దగ్గరికి ఊళ్ళో పెద్దకులాల రైతులు పల్లెవాళ్ళను రానివ్వలేదు. గుడి వెనక తొట్టి మాత్రం నిండుగా ఉంది. బాప్తిస్మమంటే మనిషి పూర్తిగా మునగాలి కదా, అందుకని పొదిలి నుంచి బండి మీద పీపాలతో నీళ్ళు తెప్పించారు. ఆ తొట్టికి గుంట తవ్వినప్పుడు మట్టి మోసింది కోటిరత్నమే.

శనివారం ఆమె బిడ్డకు జ్వరంతో నాలుక పిడచగట్టుకుపోయింది. చెంబు పట్టుకుని తొట్టి దగ్గరికి వెళితే సంఘపెద్ద జకరయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఇవి దేవుడి పనికి తెచ్చినవి, తాగడానికి కాదు. రేపు నువ్వూ మునిగేదానివేగా, ఓపిక పట్టు."

ఆదివారం ఆమె బిడ్డను గుడి వెనక గుమ్మం పక్కన పడుకోబెట్టి తొట్టిలోకి దిగింది. పాస్టరుగారు ముంచారు. నీళ్ళలో నోరు తెరిచి, బుగ్గల నిండా పట్టి, పెదాలు బిగించి లేచింది.

మెట్లెక్కగానే జకరయ్య ఆపాడు. "చీర తొట్టిలోకి పిండు. ఇంకా ఇద్దరు మునగాలి."

కొంగు పిండింది. కుచ్చిళ్ళూ పిండింది. గుమ్మం వైపు అడుగేసింది.

"ఆమేన్ అనకుండా పోతున్నావేం?"

ఆమె తల ఊపింది.

"నోటితో అను. సంఘమంతా వినాలి."

సంఘం పాడుతున్న పాట ఆగింది. గుమ్మం పక్కన బిడ్డ ఎండిన పెదాలు చప్పరిస్తోంది.

కోటిరత్నం గుటక వేసింది. "ఆమేన్" అంది.